పద్నాలుగో రోజు ఫోను

"గాయం బాగుందా?" అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. చీము కారుతున్నవాళ్ళు కూడా, అంత దూరం నుంచి ఫోన్ చేసినందుకు మర్యాదగా, "బాగానే ఉందండీ, మీరెలా ఉన్నారు?" అనేస్తారు. ఈ సంగతి ఆమెకి ఈ పనిలోకి వచ్చిన రెండో నెలలో తెలిసింది. అప్పట్నుంచి ప్రశ్న మార్చుకుంది. "పొద్దున తీసిన గుడ్డ మీద మరక ఏ రంగులో ఉంది?" అని అడుగుతుంది. అవతల్నుంచి, "ఉండండి, చెత్తబుట్టలో వేశాను, చూసి చెప్తా" అంటూ చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్ళే చప్పుడు వినిపిస్తుంది. ఆమె రిసీవరుని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, పెన్ను మూత పళ్ళతో పట్టుకుని ఆగుతుంది. ఆ చెప్పుల చప్పుడంటే ఆమెకి ఇష్టం. ఒకరి ఇంట్లో వసారా ఎంత పొడుగో, వంటగది ఎక్కడుందో దాన్నిబట్టి ఊహించుకుంటుంది.

పెద్దాసుపత్రిలో ఆమెని లెక్కల సిస్టర్ అంటారు. ఆపరేషన్ అయి ఇంటికెళ్ళిన ప్రతి మనిషికీ ఏడో రోజు, పద్నాలుగో రోజు, ముప్ఫయ్యో రోజు ఫోన్ చెయ్యాలి. కోసిన చోట చీము పట్టిందేమో కనుక్కోవాలి. పడితే వెంటనే పిలిపించి, పేరు పొడుగాటి పుస్తకంలో ఎక్కించాలి. ఆమె గది కింది అంతస్తులో మెట్ల కింద ఉంది. ఒకప్పుడు దుప్పట్లు పెట్టుకునే గది కాబట్టి గోడల్లో ఇప్పటికీ సబ్బు వాసన. ఇంటికి పంపే రోజున ప్రతి మంచం దగ్గరికీ తనే వెళ్ళి చెప్పేది. "మీరు బస్సులు పట్టుకుని అవస్థ పడి రానక్కర్లేదు. నేనే ఫోన్ చేస్తాను. ఫోన్ దగ్గరుండండి, చాలు."

పెళ్ళయి యాభై మూడు రోజులైంది. ఆ సోమవారం ఆమె కూనిరాగం తీస్తూ గది తాళం తీసింది. బొటనవేలి గోరు మీద ఆకుపచ్చ రంగు చుక్క ఉంది. ముందురోజు వంటగది కిటికీకి రంగు వెయ్యడం మొదలుపెట్టారు, తనూ భర్తా కలిసి. సగం రెక్క అయ్యేసరికి రంగు కిటికీకంటే ఇద్దరి మీదే ఎక్కువ ఉంది. గోరు మీది చుక్కని మాత్రం ఆమె కావాలనే తుడవలేదు.

పుస్తకం తెరిచింది. ఆ రోజు చెయ్యాల్సినవి ఎనిమిది పేర్లు. మొదటి నంబరు తిప్పేలోపు పైనుంచి కబురొచ్చింది, పెద్దాయన రమ్మంటున్నారని.

పెద్దాయన సూపరింటెండెంటు. ఆసుపత్రిలో అందరికంటే పాత సర్జనూ ఆయనే. ఎవరూ ముట్టుకోని కడుపులన్నీ చివరికి ఆయన బల్ల మీదికి వస్తాయి. బల్ల మీద ఇప్పుడు ఒక కాగితం ఉంది.

"చీము కేసుల లెక్కన నలభై మూడు ఆసుపత్రుల జాబితా," అన్నాడాయన. "మనల్ని పైనుంచి వెతక్కమ్మా. కిందనుంచి వెతుకు, తొందరగా దొరుకుతాం."

"చూశాను సర్. టీ కొట్టు గోడకి అంటించారు."

"అంటించారా? మంచిది, టీ తాగుతూ చదువుకుంటారు." ఆయన కళ్ళజోడు తీసి కోటు అంచుతో తుడిచాడు. "ఈ మూడు నెలలకి ఇప్పటిదాకా ఎంత?"

"పంతొమ్మిది."

"గీత ఎక్కడ?"

"ఇరవై రెండు సర్. దాటితే నిధుల్లో కోత."

"ఇంకా ఎన్ని రోజులుంది?"

"పదకొండు."

పోయినసారి కోత పడినప్పుడు సర్జికల్ వార్డులో నలుగురు సిస్టర్ల ఉద్యోగాలు పోయాయి. ఇప్పుడు ముప్ఫై మంచాలకి ఇద్దరు. ఇద్దరే ఉంటే కట్లు మార్చడం ఆలస్యమవుతుంది. ఆలస్యమైతే చీము పెరుగుతుంది. పెరిగితే మళ్ళీ కోత. ఇవన్నీ ఆయన చెప్పక్కర్లేదు, ఆమెకి తెలుసు. అయినా చెప్పాడు, కిటికీలోకి చూస్తూ, తనకి తాను అప్పజెప్పుకుంటున్నట్టు.

"ఈ పదకొండు రోజులూ ఫోన్లు ఆపు," అన్నాడు చివరికి.

ఆమె నిలబడే ఉంది.

"అబద్ధం రాయమనడం లేదు. వచ్చినవాళ్ళని రాయి. రానివాళ్ళని వెతక్కు. మిగతా నలభై రెండు చోట్లా జరిగేది అదే. వాళ్ళు వెతకరు, వాళ్ళకి దొరకదు. నువ్వు వెతుకుతావు, నీకు దొరుకుతుంది, మనం అట్టడుగున ఉంటాం. పదకొండు రోజులయ్యాక నీ ఇష్టం, నిద్రపోయేవాళ్ళని లేపి మరీ అడుగు."

"వాళ్ళకి చెప్పానండీ, నేనే చేస్తానని."

"బాగోకపోతే వాళ్ళే వస్తారమ్మా. నొప్పి ఎవరి ఫోన్ కోసమూ ఆగదు." ఆయన కాగితం మడిచాడు. "రేపు తెల్లాసుపత్రికి వెళ్ళు. జాబితాలో మొదటి పేరు వాళ్ళదే. చీము కేసులు సున్నా. సున్నా ఎలా వస్తుందో చూసి రాసుకురా. ఎగతాళికి అనడం లేదు. నిజంగానే నేర్చుకోవాల్సింది ఏదైనా ఉందేమో చూడు."

"సరే సర్," అందామె.

కిందికి వచ్చి పుస్తకం ముందు కూర్చుంది. ఎనిమిది పేర్లలో మూడోది బట్టలు కుట్టే ఆమెది. పేగు ఆపరేషన్, పద్నాలుగో రోజు. ఏడో రోజు ఫోన్‌లో చాలాసేపు మాట్లాడింది ఆవిడ. మరక లేదంది. మిషను తొక్కడం ఎప్పుడు మొదలుపెట్టొచ్చని అడిగింది. పెళ్ళి బట్టలు మూడు జతలు మిగిలిపోయాయట. "పెళ్ళికూతురు ఏడుస్తోందమ్మా, నాకు కుట్లు వేశారు గానీ నేను కుట్లు వెయ్యడం లేదని," అంటూ తన మాటకి తనే నవ్వి, నవ్వితే కడుపు లాగుతోందని నవ్వు ఆపేసింది. ఆ పేరు మీద వేలు పెట్టి కాసేపు కూర్చున్నాక లెక్కల సిస్టర్ పుస్తకం మూసింది. అయిదింటికి గదికి తాళం వేసింది. ఈ ఉద్యోగంలో చేరాక అయిదింటికి ఇంటికి వెళ్ళడం అదే మొదటిసారి.

భర్త లిఫ్టులు బాగుచేస్తాడు. అతను ఇల్లు చేరేసరికి ఆమె పాత చొక్కా వేసుకుని స్టూలెక్కి కిటికీ రెండో రెక్కకి రంగు వేస్తోంది.

"అయ్య బాబోయ్, లెక్కల సిస్టర్ గారు ఇంత పెందలాడే వచ్చారే. ఆసుపత్రికేమైనా తాళం వేశారా?" అన్నాడు.

"నువ్వే రోజూ అంటున్నావుగా, ఆలస్యమవుతోందని."

"అంటే మాత్రం. నేనన్న మాట ఎవరైనా వినడం నాకు అలవాటు లేదు. ముందే చెప్పాలి."

అతను సంచి కింద పెట్టి, చేతులైనా కడుక్కోకుండా రెండో కుంచె తీసుకున్నాడు. కిటికీ చిన్నది. ఇద్దరూ ఒకేసారి వెయ్యాలంటే మోచేతులు తగులుతాయి. తగిలినప్పుడల్లా ఒకరు "సారీ అండీ" అంటే ఇంకొకరు "పర్వాలేదండీ" అంటూ, బస్సులో పక్కపక్క సీట్లలో కూర్చున్న కొత్తవాళ్ళలా నటించారు. వెలుతురు పోయేదాకా వేశారు. తర్వాత వాకిట్లో మెట్ల మీద కూర్చుని, అతను ఆ రోజు లిఫ్టులో ఇరుక్కున్న లావుపాటి వకీలు గురించి చెప్పాడు. ఆ వకీలు లోపల్నుంచే లిఫ్టు మీద దావా వేస్తానన్నాడట. ఆమె కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. ఫోన్ల సంగతి చెప్పలేదు. చెప్పకూడదనేం కాదు. ఆ సాయంత్రం అంత బాగుంది.

*

తెల్లాసుపత్రి నిజంగానే తెల్లగా ఉంది. నలభై మంచాలు. గుమ్మంలో, మొదటి స్థానం వచ్చినందుకు ఇచ్చిన ఇత్తడి పలక, దాని కింద తాజా పూలు. అక్కడి హెడ్ సిస్టర్ యాభై అయిదేళ్ళ మనిషి. లెక్కల సిస్టర్‌ని చూడగానే "రా చెల్లీ, ఎండలో వచ్చావు, ముందు నీళ్ళు తాగు" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

చూపించాల్సినవి ఆమె దగ్గర చాలానే ఉన్నాయి. ఆపరేషన్‌కి ముందు మనిషి ఒళ్ళు చల్లబడకుండా వెచ్చటి దుప్పట్లు పెట్టే అల్మరా. కత్తెరలు ఉడికించే యంత్రం పక్కన గడియారం, ఏ పెట్టె ఎప్పుడు తీశారో ఎవరు తీశారో రాసే పలక. వార్డులో నలుగురు రోగులకి ఒక సిస్టర్. ఒక అమ్మాయి కట్టు మారుస్తోంది. గబగబా కాదు, చేతులు రెండుసార్లు కడుక్కుని, గుడ్డ అంచు తడిపి, చర్మం లాగకుండా నెమ్మదిగా లేపుతోంది. రోగి ఆ అమ్మాయితో తన కోడలి మీద చాడీలు చెబుతున్నాడు. ఆమె వింటోంది. వినే తీరిక ఆమెకి ఉంది. లెక్కల సిస్టర్ ఇదంతా రాసుకుంది. రాసుకుంటుంటే అసూయ పుట్టింది. ఇందులో మోసం లేదు. ఇలా చేస్తే చీము తగ్గుతుంది.

"ఇంటికెళ్ళాక ఫోన్ చేసేది ఎవరక్కా?" అని అడిగింది.

"ఫోనెందుకు? బాగోకపోతే వాళ్ళే వస్తారుగా."

"వస్తున్నారా?"

హెడ్ సిస్టర్ ఆలోచించింది. "ఇక్కడికైతే రావడం లేదు. బాగుండబట్టే రావడం లేదనుకుంటాం." టీ కప్పు సాసరు మీద సరిగ్గా మధ్యలోకి జరిపింది. "మీ దగ్గరికి వస్తున్నారా?"

ఇక్కడ ఆపరేషన్ అయినవాళ్ళు పోయిన నెలలో ముగ్గురు వచ్చారు. లెక్కల సిస్టర్ ఆ మాట చెప్పేలోపే బయట ఆటో ఆగింది. ఇద్దరు మనుషులు మూడో మనిషిని మోసుకొస్తున్నారు. లారీల్లో బస్తాలు ఎత్తే మనిషట. భారీకాయం, చెమటలు కారుతున్నాయి. కడుపు చెక్కలా బిగుసుకుపోయింది. పదేళ్ళుగా షుగరు. డ్యూటీ డాక్టరు వచ్చి కడుపు మీద చెయ్యి వేసి, కళ్ళు చూసి, అయిదు నిమిషాల్లో చీటీ రాసేశాడు.

"పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. ఇక్కడ సౌకర్యం లేదు."

వెచ్చటి దుప్పట్ల అల్మరా ఆయన వెనకే ఉంది. హెడ్ సిస్టర్ దాని తలుపు తీసి ఒక దుప్పటి లాగి, పరిగెత్తుకుంటూ వెళ్ళి, అంబులెన్సులోకి ఎక్కిస్తున్న మనిషి మీద కప్పింది. లెక్కల సిస్టర్ కూడా అదే అంబులెన్సు ఎక్కింది. సెలైను సీసా పట్టుకోవడానికి ఎవరో ఒకరు కావాలి.

"చెల్లీ," అంది హెడ్ సిస్టర్ తలుపు పట్టుకుని, గొంతు తగ్గించి. "ఇలా పంపినవాళ్ళు తర్వాత ఏమవుతారో మాకు తెలీదు. ఎవరూ చెప్పరు."

దారంతా ఆ మనిషి ఆమె మణికట్టు పట్టుకునే ఉన్నాడు. బస్తాలెత్తే చెయ్యి, వదిలాక కూడా వేళ్ళ గుర్తులు పోలేదు. ఆ సాయంత్రమే పెద్దాయన అతని కడుపు తెరిచాడు. పేగు చిల్లుపడి లోపలంతా మురికైపోయి ఉంది. బతికాడు. ఆరో రోజుకల్లా అతని పేరు పక్కన ఏం రాయాల్సొస్తుందో వార్డులో అందరికీ తెలుసు.

బుధవారం ఆమె తెల్లాసుపత్రి మీద రెండు పేజీలు రాసింది. దుప్పట్లు, గడియారం, పలక, నలుగురికి ఒక సిస్టర్. "ఇంటికెళ్ళినవాళ్ళకి ఫోన్ చెయ్యరు. కష్టమైన రోగిని చేర్చుకోరు" అని కూడా రాసింది. మళ్ళీ చదివి ఆ రెండు వాక్యాలూ కొట్టేసి, పేజీ తిరగరాసి పైకి పంపింది. అయిదింటికి ఇంటికెళ్ళింది. కిటికీకి రెండో పూత వేశారు. భర్త కుంచె వెనకవైపుతో తడి రంగులో ఓ మూల చిన్నగా ఇద్దరు మనుషుల బొమ్మ గీశాడు, గీతలకి కాళ్ళూ చేతులూ పెట్టి. ఒక గీతకి సిస్టర్ల టోపీ పెట్టాడు. ఆమె ఆ బొమ్మని మూడుసార్లు వచ్చి చూసుకుంది.

*

గురువారం పదిన్నరకి క్యాజువాలిటీ నుంచి పిలిచారు. ఆమె వెళ్ళేసరికి చక్రాల కుర్చీలో బట్టలు కుట్టే ఆమె ఉంది. మొహం బూడిద రంగులో ఉంది. పెదాలు ఎండిపోయాయి. వాసన తెలియడానికి దగ్గరికి వెళ్ళక్కర్లేదు. చెల్లెలు కుర్చీ వెనక నిలబడి, అక్క తల వాలిపోకుండా అరచెయ్యి గడ్డం కింద పెట్టి పట్టుకుంది.

"అమ్మా, నేను. లెక్కల గది సిస్టర్‌ని. జ్వరం ఎప్పట్నుంచి?"

చెల్లెలు చివ్వున తలెత్తింది. "మీరేనాండీ ఫోన్ సిస్టరు?"

"నేనే."

"సోమవారం పొద్దున్నుంచి అక్క ఫోన్ మిషను మీదే పెట్టుకుని కూర్చుందండీ. నన్ను కూడా ముట్టుకోనివ్వలేదు. లైను బిజీగా ఉంటే సిస్టర్ గారు మళ్ళీ చెయ్యరేమోనంది. ఆ పొద్దున మరక చిన్నదే, చొక్కా బొత్తామంత. పసుప్పచ్చగా ఉంది. మీరు రంగు అడుగుతారని గుడ్డ పారెయ్యకుండా కాగితంలో చుట్టి పెట్టింది."

లెక్కల సిస్టర్ చెయ్యి రోగి నాడి మీద ఉంది. లెక్క తప్పింది. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టింది.

"సాయంత్రమైనా ఫోన్ రాలేదు. నేనే అన్నానండీ." చెల్లెలు అక్క గడ్డం కింద చెయ్యి మార్చుకుంది. "ఫోన్ రాలేదంటే అంతా సరిగ్గా ఉన్నట్టు వాళ్ళకి తెలిసే ఉంటుంది, పరీక్షలన్నీ చేశారుగా, అవసరమైతే వాళ్ళే పిలుస్తారు, మనం కంగారుపడి వెళ్తే విసుక్కుంటారు అన్నాను. నిన్నటికి చలి పట్టుకుంది. అప్పుడు కూడా అక్క, ఇంకొక్క రోజు చూద్దాం, చేస్తానన్నారుగా అంది."

లెక్కల సిస్టర్ థియేటర్‌కి ఫోన్ చేసింది. సంతకం కోసం కాగితాలు చెల్లెలి ముందు పెట్టి, ఎక్కడ రాయాలో వేలితో చూపించింది. వేలి గోరు మీద ఆకుపచ్చ రంగు ఇంకా ఉంది. వేలు మడుచుకుంది.

చీము ఎంత లోతుకి దిగిందో కళ్ళారా చూసి రాయాలన్నది ఆమె పనిలో ఒక నియమం. అందుకని మాస్కు కట్టుకుని థియేటర్‌లో బల్లకి కాళ్ళవైపు నిలబడింది. పెద్దాయన పాత కుట్లు ఒక్కొక్కటే కత్తిరించి పళ్ళెంలో వేశాడు. పై పొర విడిపోయింది. దాని కింది పొర విడిపోవాల్సింది కాదు, అదీ విడిపోయింది. పీల్చే గొట్టం పెట్టగానే గోడ పక్కన గాజు సీసా నిండడం మొదలైంది. ఒక సీసా మార్చారు. రెండోది పెట్టారు.

"ఎన్నో రోజు?" అన్నాడాయన తలెత్తకుండా.

"పదిహేడు సర్."

"పద్నాలుగో రోజు ఏమంది?"

మత్తు డాక్టరు యంత్రం టిక్కుటిక్కుమంటోంది. సహాయంగా ఉన్న సిస్టర్ గుడ్డలు లెక్కపెట్టడం ఆపింది.

"ఫోన్ చెయ్యలేదు సర్."

కత్తెర ఆయన చేతిలో ఆగింది. ఆయన ఆమె వైపు చూడలేదు. గాయంలోకే చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపనిపించింది గాని, సీసాలో ఓ వేలెడు కూడా పెరగలేదు.

"గుడ్డ," అని చెయ్యి చాపాడు.

తర్వాత రెండు గంటలూ గుడ్డ, నీళ్ళు, దారం తప్ప ఇంకో మాట అనలేదు. కడుపు మూయడం కుదరలేదు. తెరిచే ఉంచి, తడి గుడ్డలతో నింపి, పైన పట్టీ వేశారు. సోమవారం వచ్చి ఉంటే రెండు కుట్లు విప్పి, కడిగి, మందులిచ్చి ఆ సాయంత్రమే ఇంటికి పంపేవాళ్ళు. ఇప్పుడు రెండు నెలలు పడుతుంది. తర్వాత మిషను పెడలు తొక్కగలదో లేదో తొక్కినప్పుడే తెలుస్తుంది.

లెక్కల సిస్టర్ పుస్తకం తెరిచి ఇరవయ్యో పేరు రాసింది.

ఇంట్లో భర్త కిటికీ రెక్కలు రెండూ తెరిచిపెట్టి, పక్కన నిలబడి ఎదురుచూస్తున్నాడు, వస్తువు అమ్మేవాడిలా. "రంగు ఆరింది. ముట్టుకోవచ్చు," అన్నాడు. ఆమె మొహం చూసి వాకిట్లోకి తీసుకెళ్ళాడు.

మెట్ల మీద కూర్చున్నాక చెప్పింది. మొదట్నుంచి చివరిదాకా. అతను ఆమె చెప్పులు తీసి పక్కన జతగా పెట్టాడు.

"ఆ మూడు సాయంత్రాలూ నేను సంతోషంగా ఉన్నాను," అందామె.

"తెలుసు. నేనూ," అన్నాడతను.

లోపలికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చాడు. ఆమె తాగకుండా గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, చీకటి పడేదాకా అలాగే కూర్చుంది.

*

శుక్రవారం పొద్దున తన గదికి పోకుండా నేరుగా పై వార్డుకి వెళ్ళింది. బట్టలు కుట్టే ఆమె మేలుకునే ఉంది. ముక్కులో గొట్టం. కళ్ళు మాత్రం తేటగా ఉన్నాయి. చెల్లెలు మంచం కింద చాప మీద నిద్రపోతోంది.

"మీకొక మాట చెప్పాలి," అంది లెక్కల సిస్టర్. నిలబడి చెప్పడం బాగోలేదని స్టూలు లాక్కుంది. కూర్చున్నాక అదీ బాగోలేదు. "సోమవారం మీకు ఫోన్ చెయ్యాల్సింది నేను. మర్చిపోలేదు. మీ పేరు నా ముందే ఉంది. ఫోన్లు ఆపమన్నారు, ఆపేశాను."

"ఎందుకు?"

"చీము పట్టినవాళ్ళ సంఖ్య పెరిగితే ఆసుపత్రికి వచ్చే డబ్బులో కోత పెడతారు. ఫోన్ చేస్తే సంఖ్య పెరుగుతుంది."

బట్టలు కుట్టే ఆమె ఆ మాటని మెల్లగా అర్థం చేసుకుంది. కొలతలు విన్నాక మనసులో బట్ట మీద గీసి చూసుకునేవాళ్ళలా, కళ్ళు కొంచెం చికిలించింది.

"ఆ రోజు నాకొక్కదానికే చెయ్యలేదా?"

"ఎవరికీ చెయ్యలేదు."

"తర్వాత రోజు?"

లెక్కల సిస్టర్ తల అడ్డంగా ఊపింది.

"మరి మిగతావాళ్ళో?" అంది బట్టలు కుట్టే ఆమె. "వాళ్ళకి ఈ రోజైనా చేశారా?"

స్టూలు వెనక్కి పడిపోయిన చప్పుడుకి చెల్లెలు లేచి కూర్చుంది. అప్పటికే లెక్కల సిస్టర్ మెట్లు దిగుతోంది.

మెట్ల కింది గది తలుపు తెరిచే ఉంది. ఆమె కుర్చీలో పెద్దాయన కూర్చుని ఉన్నాడు. కుర్చీ ఆయనకి చిన్నది, మోకాళ్ళు బల్లకి తగులుతున్నాయి. ముందర పుస్తకం, చెవి దగ్గర రిసీవరు.

"కాదండీ, కొంప మునిగిందేమీ లేదు," అంటున్నాడు. "డాక్టర్నే. అవును, నిజంగా డాక్టర్నే. మీ అల్లుడు బాగున్నాడో లేదో అడుగుతున్నానంతే... లేదండీ, ఏమీ దాచడం లేదు. రిపోర్టులో ఏమీ రాలేదు. ఎవరూ ఏడవక్కర్లేదు... ఆవిడ ఏడుస్తున్నారా? ఎందుకు?" గుమ్మంలో ఆమెని చూసి రిసీవరు చేత్తో మూశాడు. "పెద్ద డాక్టరే స్వయంగా చేశాడంటే ప్రాణం మీదికి వచ్చిందనుకుంటున్నారు. అరగంట నుంచీ ఇదే వరస. ముగ్గుర్ని ఏడిపించాను."

ఆమె రిసీవరు అందుకుంది. "అమ్మా, నేను సిస్టర్‌ని. ఏం లేదమ్మా, మామూలు ఫోనే. నాలుగు రోజులు ఆలస్యమైంది. మాదే తప్పు."

ఆయన లేచి కుర్చీ ఆమెకిచ్చి, గోడ పక్కన ఉన్న చెక్క పెట్టె మీద కూర్చున్నాడు. ఆమె ఫోన్ పెట్టేదాకా ఆగాడు.

"తెల్లాసుపత్రివాళ్ళు ఫోన్ చేస్తారా?"

"చెయ్యరు సర్."

"నువ్వు రాయలేదు."

"రాశాను. కొట్టేశాను."

"నేనూ నిన్ను అడగలేదు," అన్నాడు. కాసేపు తన చేతులు చూసుకున్నాడు. "నిన్న ఆ సీసా రెండోసారి మారుస్తుంటే, ఎవరు చేశారిది అని అరవబోయాను. అలవాటు. నోటిదాకా వచ్చింది." ఆ వాక్యం అక్కడే వదిలేశాడు. "సోమవారం నుంచి ఎంతమంది?"

"ఈ రోజుతో కలిపి నలభై ఒక్కరు."

"చదువు. నంబరు నేను తిప్పుతాను, మాట నువ్వు మాట్లాడు. నా గొంతుకి జనం చచ్చిపోయేలా ఉన్నారు."

పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేశారు. మధ్యలో థియేటర్ నుంచి రెండుసార్లు పిలుపొస్తే ఆయన వెళ్ళి వచ్చాడు. ఒకామె బావి దగ్గరుంది, పిలుచుకొస్తామన్నారు, పిలుచుకొచ్చేదాకా ఆగారు. ఒకాయన తన గాయం సంగతి వదిలేసి దూడ సంగతి చెప్పాడు. ఒక నంబరు ఎన్నిసార్లు తిప్పినా ఎవరూ ఎత్తలేదు. ఆ ఇంటి చిరునామా రాసుకుని ఆయన తన డ్రైవర్ని పంపించాడు. మధ్యాహ్నానికి ఇద్దరు తేలారు. నాలుగింటికి ఇంకొకరు. డ్రైవరు ఒక ముసలాయన్ని కారు వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకొచ్చేసరికి నలుగురయ్యారు. నలుగురిలో ఒకరికి కూడా లోతుకి దిగలేదు. ముసలాయనకి అక్కడే, డ్రెస్సింగ్ గదిలో, పెద్దాయన రెండు కుట్లు విప్పి కడిగాడు. పది నిమిషాల పని.

"ఎంతైంది లెక్క?" అని అడిగాడు చేతులు తుడుచుకుంటూ.

"ఇరవై నాలుగు సర్."

గీత దాటిపోయింది. కోత ఎక్కడ పడుతుందో ఇద్దరికీ తెలుసు. మంచాల దగ్గర పనిచేసే ఇద్దరు సిస్టర్లని తీసెయ్యలేరు కాబట్టి, మంచం దగ్గర లేని పనినే ముందు తీస్తారు. మెట్ల కింద గది, అందులో ఫోను, కుర్చీ, కుర్చీలో మనిషి. పెద్దాయన పెన్ను తీసుకుని ఆ అంకె కింద సంతకం పెట్టాడు. ఆమె ఇంకు ఆరేదాకా ఆగి పుస్తకం మూసింది.

పైకి వెళ్ళేసరికి వార్డులో దీపాలు అప్పుడే వేస్తున్నారు. చెల్లెలు అక్క పెదాలకి తడి దూది అద్దుతోంది. లెక్కల సిస్టర్‌ని చూసి తప్పుకుని చోటిచ్చింది.

"చేశాం," అంది లెక్కల సిస్టర్. "నలభై ఒక్కరికీ. చీము పట్టినవాళ్ళు నలుగురు. అందర్నీ పిలిపించాం. ఎవరికీ లోతుకి దిగలేదు."

బట్టలు కుట్టే ఆమె కళ్ళు మూసుకునే ఉంది. నిద్రపోయిందేమో అనుకుంది లెక్కల సిస్టర్. వెళ్ళబోతూ రెండడుగులు వేసింది.

"నలుగురు కాదు," అంది ఆవిడ, కళ్ళు తెరవకుండానే. "నాతో అయిదుగురు."